నక్క గారి కిడ్నీ లడ్డు

వినాయక చవితి మర్నాడు అన్యాయమైపోయింది గేదె కాటుకమ్మ. చేసినవాడు నక్క సోమలింగం, సంత వీధిలో మిఠాయి కొట్టువాడు.

కాటుకమ్మ కిడ్నీలు దెబ్బతిని ఏడాదైంది. వైద్యుడు కొంగ ఆచారి గారు ఆమెకు వద్దన్నవి చాలా ఉన్నాయి: అరటిపండు, ఖర్జూరం, కొబ్బరి, జీడిపప్పు, బెల్లం, పాలకోవా. కోవా మాట వినగానే కాటుకమ్మకు ఒళ్లు మండింది. నా పొదుగులోంచి వచ్చింది నాకే పనికిరాదా అని గొణిగింది. అయినా అన్నీ మానేసింది. మొండి ఘటం. మానలేనిది ఒక్కటే, తిండయ్యాక నాలుక మీద కాస్త తీపి.

ఆ సంగతి పసిగట్టిన సోమలింగం కొట్టు ముందు 'కిడ్నీ లడ్డు' అని బోర్డు కట్టాడు.

"చక్కెర పలుకు లేదు వదినా. ఇక నీ కిడ్నీలకేం భయం?" అన్నాడు.

కాటుకమ్మ నమ్మి, రోజూ తిండయ్యాక ఒకటి తింది. చక్కెర లేకపోతే చాలనుకోవడం మనందరి తెలివే కదా. కొన్నాళ్లకే గుండె దడతో, కాళ్లీడ్చుకుంటూ వెళ్లి కొంగ ముందు కూలబడింది. ఒంట్లో పొటాషియం పెరిగిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదనీ ఆచారి గారు మందలించారు.

మందు పడి లేచి నిలబడ్డాక ఆమె అడిగింది, జన్మలో ఇక తీపి లేనట్టేనా అని.

"నీకు షుగరు జబ్బు లేదు కాటుకమ్మా. చక్కెర కాస్త తినొచ్చు. నిన్ను ముంచింది దానికి బదులు వాడు వేసిన సరుకు."

"ఏం వేశాడో వాడి నోటితోనే చెప్పిస్తాను. మీరు వెనక నిలబడండి చాలు."

దసరా సంత కిటకిటలాడుతోంది. కాటుకమ్మ పోట్లాటకు దిగలేదు. ఈ లడ్డులో చవక శనగపిండి తప్ప ఏమీ లేదట కదా అని నలుగురికీ వినబడేలా వాపోయింది. తిడితే పడతాడు గానీ, పిసినారి అంటే పడడు సోమలింగం. తోక నిక్కింది.

"శనగపిండా? నా కొట్లోనా? మేలురకం ఖర్జూరం వదినా. జీడిపప్పు, కొబ్బరి, ఎండు అరటిపండు, పాకానికి బెల్లం, పైన కోవా."

"ఇంకోసారి చెప్పు మరిదీ. మేక ముత్యాలుకు వినబడలేదట. దానికీ నా జబ్బే."

నక్క ఈసారి గొంతు పెంచి మరీ చెప్పాడు. వెనక నుంచి కొంగ ఆచారి గారు మెడ చాచారు.

"నేను వద్దన్నవాటిలో ఒక్కటీ వదల్లేదే నాయనా."

ముత్యాలు నోటిదాకా వచ్చిన లడ్డు కింద పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. బోర్డు విప్పేవాడు కూడా దొరక్క నక్కే నిచ్చెనెక్కాడు.

కాటుకమ్మ ఇంటికెళ్లి ఉప్పులేని మరమరాలకు చక్కెర పాకం పట్టి, యాలకుల పొడి చల్లి, ఆచారి గారు ఒప్పుకున్నంతే చిన్న ఉండ చుట్టి తింది. ఇంకోటి తినరాదా అంది ముత్యాలు.

"రేపు," అంది కాటుకమ్మ, మూతి తుడుచుకుని.

ఏం లేదో చెప్పేవాడి దగ్గర, ఏముందో అడిగాకే నోరు తెరవాలి.

బోర్డు దిగింది ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు.