గడ్డిమోపు పోశవ్వ

వింటే సరిగ్గా వినండి. సగం విని ఊరి మీద పడకండి.

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక మెట్ట ఊళ్లో పోశవ్వ అనే ముసలమ్మ ఉండేది. పొలాల్లో మిగిలిన గడ్డి ఏరి, మోపులు కట్టి అమ్ముకుని బతికేది. ఆమె మేనల్లుడు సాయిలు. డప్పు కొట్టేవాడు.

సాయిలు తల్లి చచ్చిపోయింది. వాడు డప్పు మూలన పడేశాడు. పోశవ్వ గడ్డి తెచ్చింది, మంట వేసింది, తోలు బిగిసేదాకా డప్పు కాచింది, వాడి ఒళ్లో పెట్టింది.

"చల్లబడ్డ డప్పు మోగదు బిడ్డా. ఒక్క దెబ్బ కొట్టు."

కొట్టాడు.

అమ్మవారు పోసి సాయిలుకు ఒక కన్ను పోయింది. డప్పు మళ్లీ మూలన పడింది. పోశవ్వ గడ్డి తెచ్చింది, మంట వేసింది, డప్పు కాచింది.

"ఒక్క దెబ్బ కొట్టు."

కొట్టాడు.

బండి తిరగబడి కాలు విరిగింది. పోశవ్వ డప్పు కాచి తెస్తే సాయిలు కసిరాడు. "నువ్వే కొట్టుకో అత్తా!"

"నాకు కొట్టడం వస్తే నీ మొహం చూస్తూ కూర్చుంటానా? కొట్టు!"

కోపంతో కొట్టాడు. ఆ మోతకు ఊరంతా గడపల్లోకి వచ్చింది.

ఆ తర్వాత ఏ జాతరకైనా సాయిలు డప్పే. మరి జనం ఏమన్నారు? "కష్టాలు పడ్డాడు కాబట్టే విద్య వచ్చింది" అన్నారు. ఏం బుర్రలో అవి! కొమురయ్య అనేవాడైతే, తన కొడుకు ఐలడికి కూడా డప్పు రావాలని వాడికి కూడు మాన్పించాడు, ఎండలో నిలబెట్టాడు, వాడు పెంచుకున్న మేకపిల్లను అమ్మేశాడు. ఐలడు డప్పును పెంటకుప్ప మీదకు విసిరేశాడు.

పోశవ్వ గడ్డిమోపుతోనే వచ్చి పడింది.

"ఓరి కొమురిగా! కష్టం సాయిలుకు ఏం నేర్పిందిరా? మూడుసార్లు వాడి చేతిలోంచి డప్పు లాక్కుంది. పిలవకపోయినా వచ్చేదానికి నువ్వు బండి కట్టి పంపాలా? వాడు ఏడుస్తుంటే మీలో ఒక్కడైనా గుప్పెడు గడ్డి తెచ్చాడా?"

ఐలడికి కడుపునిండా జొన్న గటక పెట్టింది. పెంట మీది డప్పు తుడిచి, కాచి, ఒళ్లో పెట్టింది. వాడూ కొట్టాడు.

చివరికి పోశవ్వ పోయింది. పాడె లేవాలి, సాయిలు చెయ్యి లేవడం లేదు. ఐలడు గడ్డి తెచ్చాడు, మంట వేశాడు, డప్పు కాచాడు.

"చల్లబడ్డ డప్పు మోగదు మామా. ఒక్క దెబ్బ కొట్టు."

కొట్టాడు. ఆ దెబ్బ మీదే పోశవ్వ కాటికి వెళ్లింది.

నేటికీ ఆ వైపు, డప్పు కొట్టేవాడి ఇంట్లో చావొచ్చినా జబ్బొచ్చినా, ఓదార్చేవాళ్లు ఉత్త చేతులతో రారు. "కష్టమే కదయ్యా కళ నేర్పేది" అని ఎవడైనా మొదలుపెడితే, ముసలివాళ్లు మధ్యలోనే తెగ్గొట్టి అడుగుతారు:

"సరేగానీ, గడ్డి తెచ్చావా?"