ముంతెడే కదా

ఇటు తిరిగి పడుకో కన్నా. అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో కోటిలింగం అని ఒక కుమ్మరి ఉండేవాడట. తిరిగే సారె మీద చెయ్యి పెడితే మట్టి అతను చెప్పినట్టు వినేదట.

ఏంటి, గట్టిగా చెబుతున్నానా? మీ నాన్న పక్క గదిలో ఉన్నాడని నాకు తెలుసులే. రోజూ కొంచెం తాగితే గుండెకి మంచిదని మీ అమ్మతో అన్నాడని నువ్వే కదా చెప్పావు. అది విన్న దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. అల్లుణ్ణి అనకూడదు గానీ, మనవడికి కథ చెప్పకూడదని ఎక్కడా లేదు.

ఆ కోటిలింగానికి సాయంత్రమయ్యేసరికి కల్లు కావాలి. ఒకసారి కడుపులో మంట పుట్టి వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఆయన నాడి చూసి, "ముంతెడు దాటొద్దు" అన్నాడు. అప్పుడు ఇతగాడు ఇంటికొచ్చి పెళ్ళాం ఆదెమ్మతో, "ముంతెడు ఒంటికి మంచిదట" అన్నాడు. నమ్మింది, పిచ్చితల్లి. తనే రోజూ ముంత కడిగి పెట్టేది.

కొన్నాళ్ళకి ఆ ముంత పగిలింది. కుమ్మరికి ముంతలకి కరువా? కొత్తది చేసుకున్నాడు.

"పెద్దదైనట్టుందే" అంది ఆదెమ్మ.

"పచ్చిది అట్లాగే ఉంటుందే. ఆవం మంటలో కాలితే కుదించుకుపోతుంది" అన్నాడు.

కాలింది, కుదించుకుంది. అయినా పాతదానికన్నా పెద్దదే.

ఆ తర్వాత అదీ పగిలింది. మూడోది చేశాడు, ఇంకాస్త పెద్దది. అప్పుడు ఆదెమ్మకి బెంగ పట్టుకుంది. పొద్దున్నే అతని వేళ్ళు వణికేవి. కడవ అంచులు వంకర తిరిగేవి. ఆవానికి నిప్పు పెట్టే రోజైతే, ఎక్కడ తూలి మంటలో పడతాడో అని ఆమెకి ముద్ద దిగేది కాదు. అడిగితే, "ముంతెడే కదే" అనేవాడు. అబద్ధం కాదు మరి, ముంతెడే.

ఒకనాడు ఆవం దగ్గర తూలనే తూలాడు. పక్కనే ఉన్న కూతురు నాంచారి, నీ అంత పిల్ల, నాన్నని పట్టుకోబోయింది. అతనికేం కాలేదు గానీ పిల్ల చెయ్యి కాలింది.

అప్పుడు పిల్లని ఎత్తుకుని వైద్యుడి దగ్గరికి పరుగెత్తాడు. "మంచిదని మీరన్నారనే తాగానయ్యా" అని ఏడ్చాడు.

"మంచిదని నేనెప్పుడన్నాను? నువ్వెటూ ఆపవు కదాని, అంతకు మించొద్దన్నాను. అది మందే అయితే నా చేత్తో నేనే ఇవ్వనా? ఎంత తగ్గిస్తే అంత మేలు, అసలు ముట్టకపోతే మరీ మేలు" అన్నాడాయన.

కోటిలింగం ఇంటికొచ్చి, ఆ ముంతని తనే పగలగొట్టాడు. మళ్ళీ చేసుకోలేదు. అంతే కథ. ఇక కళ్ళు మూసుకో.

"ఆ పిల్ల చేతి గాయం తగ్గిందా అత్తయ్యగారూ?"

చూశావా, మీ నాన్న ఇంకా పడుకోలేదు.

తగ్గింది బాబూ. మచ్చ మాత్రం ఉండిపోయింది. అది కనపడినప్పుడల్లా ఆ తండ్రి తల వంచుకునేవాడట.

పడుకో కన్నా. మీ నాన్న దీపం ఆర్పేశాడు.

ముంత పోయె మట్టికి, కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి, నిద్ర రావాలి కంటికి.