ఊపిరమ్మ పొగగూడు తెరిపించిన కథ

అక్షతలు చేతబట్టుకొని, ముచ్చట్లు మాని, చక్కగా వినుడు.

పూర్వము తృణపాద మహర్షి నదీస్నానము చేసి వచ్చుచుండగా పింగాక్ష మహర్షి ఎదురేగి నమస్కరించి యిట్లడిగెను. స్వామీ! గుడిలో గంట, పూజలో హారతి పళ్లెము, పెండ్లిలో బిందె లేనిదే మనకు గడవదు గదా. వానిని కరిగించి పోసెడువారు మాత్రము నడివయసు దాటకయే ఊపిరాడక కన్నుమూయుచున్నారు. వారిని కాచెడు వ్రతమేదైన కలదా? అనగా తృణపాదుడు కన్నులు తుడుచుకొని యిట్లు చెప్పసాగెను.

తామ్రవాటిక యను పట్టణమున చంద్రభానుడను వానికి గొప్ప కొలిమిశాల యుండెను. అందు కామాచారి యనువాడు రాగిరాయిని కాల్చి రాగి తీసి, తగరము కలిపి, మట్టి మూసలలో కరిగించి గంటలు పోయుచుండెను. ఆతని భార్య ముత్తాంబ. ఆ వాడలో నొక వింత ఆచారము గలదు. పనివానికి తొలిసారి పొడిదగ్గు పట్టిన దినమున, కొలిమి వీనిని తనవానిగా ఒప్పుకొనెనని ఇంట పాయసము వండి పంచెదరు. కామాచారి దగ్గినపుడు ముత్తాంబయు నట్లే వండి, మురిసిపోయి, ఇల్లిల్లు తిరిగి పంచెను. ఎంత అమాయకురాలో చూడుడు!

కొంతకాలమునకు ఆతడు నాలుగడుగులు వేసినను ఆయాసపడెను. ఉమ్మిన నల్లగా పడెను. పరుండిన ఊపిరి అందక గోడకు చేరగిలి కూర్చుండెను. ముత్తాంబ గుండె చెరువాయెను. ఆమె మ్రొక్కని దేవుడు లేడు.

ఒకనాడు విసనకర్రలు అమ్ముకొను ముసలమ్మ గుమ్మమున నిలిచి, ఆ ఆయాసము విని ముక్కున వేలు వేసికొనెను.

"ఏమే తల్లీ, అన్నం ఉడికే పొయ్యికే పొగగూడు పెట్టుకుంటాం గదా. కంచు ఉడికే కొలిమికి లేదా?"

ఉన్నదనియు, వేడి బయటకు పోయి బొగ్గు ఎక్కువ పట్టునని యజమానుడు దానిని మూయించెననియు ముత్తాంబ చెప్పెను. అప్పుడా ముసలమ్మ తాను ఊపిరమ్మనని తెలిపి, అమావాస్యనాడు కొలిమి ఆర్పి, పొగగూడు తెరచి, నేల తడిపి బూడిద యెత్తి, పనివారి ముక్కులకు తడిబట్ట కట్టి, కలశము చెంత విసనకర్ర నుంచి పూజించి, చలిమిడి నైవేద్యము పెట్టవలెననియు, దగ్గు పట్టినవానిని మరల పొగ దరికి పంపరాదనియు చెప్పి అదృశ్యమాయెను.

ముత్తాంబ ఇంట భక్తితో పూజ చేసి, భర్తను పనికి పోనీయక నిలిపెను. ఆయాసము కొంత తగ్గెను. అంతలో రాజుగారి కోటకు గంట కావలెనని చంద్రభానుడు కబురంపెను. పోవలదని ఆమె కాళ్లావేళ్లా పడెను.

"నేను పోయకపోతే ఆ గంట పలకదే" అని కామాచారి వెళ్లెను. మూసిన పొగగూటి క్రింద మూస ఎత్తబోయి కుప్పకూలెను. కరిగిన కంచు నేలపాలాయెను. ఆతనిని నులకమంచముపై మోసికొని వచ్చిరి.

ముత్తాంబ విసనకర్రను నేలకు కొట్టి, వ్రతము చేసినదానికి ఇట్లేల చేసితివని ఊపిరమ్మను నిలదీసెను. దేవి మరల ప్రత్యక్షమై, కోపింపక దరి కూర్చుండి, "పూజ నీ ఇంట్లో చేశావు. పొగ ఎవరింట్లో ఉందమ్మా?" అనెను.

ముత్తాంబ కన్నీరు తుడుచుకొని, కలశమెత్తుకొని కొలిమిశాలకు నడిచెను. వాడలోని ఇల్లాండ్రందరు ఆమె వెంట నడిచిరి. ఆడవారికి కొలిమి సంగతి యేల యని చంద్రభానుడు తరిమివేసెను. ఇల్లాండ్రు తమ మగవారిని ఇంట నిలుపగా, మరునాడు తిత్తి త్రొక్కుటకు ఒక్కడును రాడాయెను. మూసలలో కంచు బండబారెను, రాజు ఆగ్రహించెను. చంద్రభానుడు కామాచారిని బ్రతిమాలుటకు వచ్చి, ఆతడొక్క ఊపిరి తీయుటకు పడు పాటు కన్నులార చూచి తిరిగిపోయెను. తానే కప్పునెక్కి పొగగూడు తెరచి, కొలిమి చల్లార్చి, పనివారందరి నడుమ వ్రతము చేసెను. పిమ్మట ఆ శాల మరల కళకళలాడెను.

కామాచారి మాత్రము మరల మూస నెత్తలేదు. పోయిన ఊపిరి తానును తేలేనని ఊపిరమ్మ చెప్పెను. ఉన్న ఊపిరితో ఆతడు అరుగుమీద కూర్చుండి కొన్నేండ్లు బ్రతికెను. దానికే ముత్తాంబ దేవికి చేతులెత్తి మ్రొక్కెను.

కావున ఈ వ్రతమును రాగి, ఇత్తడి, ఇనుము, సీసము కరిగించువారును, రాయి కొట్టువారును చేయవలెను. వారికంటె ముందుగ కొలిమి యజమానుడు చేయవలెను. అతడు చేయక పనివాని భార్య యెంత చేసినను ఫలము దక్కదు. అందరును కలసి చేసినచోట మగవారు వెల్లకిల పరుండి హాయిగా నిద్రింతురు, బిడ్డలను భుజమున నెత్తుకొని తిరుగుదురు, ముసలివారై మనుమల పెండ్లి చూతురు. చదువుటలో మాట జారినను అమ్మవారు క్షమించును. పొగగూడు మూసినవానిని మాత్రము క్షమింపదు.