చెంచయ్య ఇంటి కానుగ ఇంజను

తూములపాడులో తెలివైనవాళ్ళెవరని చెంచయ్యనీ, ఆయన తమ్ముడు కోటిలింగాన్నీ అడిగి చూడండి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూపించుకుంటారు. "మా అన్నయ్యకి ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాడు" అంటాడు కోటిలింగం. అదీ నిజమే. వచ్చిన చిక్కల్లా అదే.

చెంచయ్య పెళ్ళాం తిరపతమ్మ చెల్లెలి కాన్పుకని పుట్టింటికి బయల్దేరుతూ, మొగుణ్ణి మిరప నారు మడి దగ్గరకి తీసుకెళ్ళి మరీ చెప్పింది. "ఏమయ్యా, మూడో రోజుకల్లా వస్తా. ఈ ఏడు మన తిండీ బట్టా అంతా ఈ నారే. వానలు మొహం చాటేశాయి, రోజూ నీళ్ళు పెట్టు. ఎండబెట్టావో, నేనిక పుట్టింట్లోనే!"

చెంచయ్య గుండెలో రాయి పడింది. తిరపతమ్మ లేని ఇల్లా? ఆవిడ నూరిన గోంగూర పచ్చడి లేని అన్నమా? "నువ్వు నిశ్చింతగా వెళ్ళిరావే, నేను లేనూ?" అన్నాడు. ఆవిడ దిగులల్లా ఆయన ఉన్నాడనే.

ఆ రోజే రజియా అనే ఇంజనీరమ్మ వచ్చి, వాళ్ళ పాత డీజిల్ ఇంజను తీసేసి, కానుగ నూనెతో నడిచేది బావి దగ్గర బిగించింది. "డీజిల్ పొగకి భూమి వేడెక్కిపోతోందన్నా. ఇది కానుగ గింజల నూనె. దీన్ని కాల్చినా పొగ వస్తుంది గానీ, ఆ పొగని కానుగ చెట్లే మళ్ళీ పీల్చుకుంటాయి" అని చెప్పి వెళ్ళింది.

చెంచయ్య చుట్టూ చూశాడు. "తమ్ముడూ, ఇంజను ఇక్కడుంది, కానుగ చెట్టేమో చేనుకి ఆ చివర ఉంది. ఎట్లా పీలుస్తుందిరా?"

"నిజమే అన్నయ్యా! పాపం, దానికి అందదు."

ఇంకేముంది! ఇంజను ఊడదీశారు, ఆపసోపాలు పడి బండికెత్తారు, తీసుకెళ్ళి చెట్టు కింద దించారు. పొగగొట్టం ఆకుల్లోకి తిప్పారు. ఇంజను గుడగుడమంది. "పీలుస్తోందిరోయ్, పీలుస్తోంది!" అని అన్నదమ్ములిద్దరూ చప్పట్లు కొట్టారు. పొద్దు వాలాక గానీ తట్టలేదు, బావిని తీసుకురాలేదని.

మర్నాడు రజియాకి ఫోను చేశారు. "చెట్టు దగ్గర ఇంజనుకేం పనన్నా? ముందు బావి దగ్గరకి చేర్చండి!" అని ఆవిడ కేకలేసింది. అంతే, మళ్ళీ బండి, మళ్ళీ మోత, మళ్ళీ నడుం నొప్పి.

"మరి పొగో?" అన్నాడు చెంచయ్య.

"బయటికి రానిస్తేగా!" అని కోటిలింగం గోనెపట్టా ఉండచుట్టి పొగగొట్టంలో కుక్కాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. "చూశావా అన్నయ్యా, పొగ మానేసింది. ఎంత మంచి ఇంజనో!"

"మంచిదేరా, మరి నీళ్ళేవి?" చెంచయ్య నారు వైపు చూశాడు. మొక్కలు తలలు వేలాడేస్తున్నాయి.

మూడో రోజు రజియానే వచ్చింది. గోనెపట్టా బయటికి లాగి, కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత ఇంజను తిప్పింది. నీళ్ళు దబదబా నారు మడిలో పడ్డాయి. "ఇక ఆపకుండా నడపండన్నా. బావి అడుగంటుతోంది, ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వకండి" అని బండెక్కి వెళ్ళిపోయింది.

కోటిలింగం వంగి మడిలోకి చూశాడు. "అన్నయ్యోయ్! నేల తాగేస్తోంది! పోసిన నీళ్ళు పోసినట్టే మాయం!"

"అయ్యో, ఒక్క చుక్క కూడా వృథా పోకూడదందే!" అన్నాడు చెంచయ్య. కానీ తెలివైనవాళ్ళు కదా, క్షణంలో ఉపాయం దొరికింది.

సాయంత్రం బస్సు దిగిన తిరపతమ్మకి దూరం నుంచే ఇంజను చప్పుడు వినిపించింది. "ఫరవాలేదే, నా మొగుడు!" అని మురిసిపోతూ చేలోకొచ్చింది. చూస్తే నారు మడి నెర్రెలిచ్చి ఉంది. గొట్టం వెంట నడిచింది. ఆ గొట్టం బావిలోంచి పైకొచ్చి, చక్కగా వంపు తిరిగి, మళ్ళీ బావిలోకే దిగింది.

"పొద్దుట్నుంచీ తోడుతూనే ఉన్నామే!" అన్నాడు చెంచయ్య రొమ్ము విరుచుకుని. "ఒక్క చుక్క వృథా పోలేదు. బావి జానెడు కూడా తగ్గలేదు, కావాలంటే చూసుకో!"

తిరపతమ్మ గొట్టం లాగి మడిలో పడేసి, గట్టు మీద చతికిలబడింది. "ఈ నారు తలెత్తేదాకా నీ ఇంటి గడప తొక్కితే ఒట్టు!"

చెంచయ్య ప్రాణం ఉసూరుమంది. నారు తేరుకోవడానికి రెండు రోజులైనా పట్టదూ? అన్నాళ్ళు తిరపతమ్మ ఈ గట్టు మీదేనా? పిచ్చి ప్రేమ ఆయనది. పరుగున ఇంటికెళ్ళాడు. గంట తర్వాత ఒళ్ళంతా మట్టితో, చేతిలో గునపంతో రొప్పుతూ వచ్చాడు.

"లేవ్వే తిరపతమ్మా, ఇంటికి పద! గడప పెకలించేశాను, నువ్వు తొక్కాల్సిన పనే లేదు. దాన్ని చీల్చి పొయ్యిలో పెట్టి నీకు వేణ్ణీళ్ళు కూడా కాచాను!"