కడుపులో చుట్టం

చెరుకు గానుగ దగ్గర బతికే జంతువులన్నిట్లోకీ తీపి ఎక్కువ తిన్నవాడు కాటన్న అనే దున్నపోతు. గానుగ తిప్పినన్నాళ్లూ పాకం మీంచి తీసి పారేసిన తెట్టంతా వాడిదే. చివరికి గుంటలో ఉండే జలగ డాక్టరు వాడి కాలు పట్టుకుని ఓ గుటక రక్తం తాగి, పెదవి విరిచాడు.

"షుగరు కాటన్నా! ఇక తీపి మానెయ్, మందు మింగు."

మానేశాడు పాపం. అదేం కష్టం కాలేదు. పాకం దిగినప్పుడల్లా అందరూ పెనం చుట్టూ చేరి పండగ చేసుకుంటూ తనని పిలవకపోవడమే కష్టమైంది.

"వాడికి షుగరు కదా, పిలిచి ఏడిపించడం ఎందుకు?" అంది మేక గౌరి. జాలిపడే అంది. ఆ జాలే వాణ్ణి మురుగు గుంట గట్టుకి తరిమింది. అక్కడ నీళ్లలో నానిన గడ్డి ఒక్కడే నమిలేవాడు, ఆ నీళ్లే తాగేవాడు.

ఓ రోజు కడుపులోంచి సన్నటి గొంతు వినిపించింది. "ఏటి మావా, ఒక్కడివే తింటన్నావా? నేనున్నానుగా."

"ఎవర్రా అది?"

"నీ చుట్టాన్ని. ఏలికపామునిలే. నీ గడ్డితోపాటే వచ్చాను."

భయపడాల్సింది పోయి కాటన్న సంబరపడ్డాడు. వాడితో ఎవరైనా నాలుగు మాటలాడి ఎన్నాళ్లయిందో! ఆ రోజు నుంచి తన దూడతనం ముచ్చట్లన్నీ మావా అని పిలిచిన ఆ అల్లుడికి చెప్పుకున్నాడు. అల్లుడు "ఊఁ" కొట్టేవాడు, "ఇంకొంచెం తిను మావా" అనేవాడు. ఎంత తిన్నా ఆకలి తీరలేదు. ఒళ్లు మాత్రం చిక్కిపోయింది.

వీపు మీద వాలే కొంగ పోలి ఉండబట్టలేక అడిగింది. "బాబాయ్, నీ ఎముకలు నా కాళ్లకి గుచ్చుకుంటున్నాయి. ఏటిది?"

"షుగరే అమ్మా. షుగరుంటే చిక్కరేటి?"

"తీపి మానేశావు, మందు మింగుతున్నావు. అయినా చిక్కుతున్నావు. నీ పేడ ఓసారి చూడనీ."

"ఛీ ఛీ! ఆడపిల్లవి, నీకెందుకమ్మా పేడ?"

రక్తమంటే అడగ్గానే కాలు చాపేవాడు గానీ పేడంటే వాడికి చచ్చేంత సిగ్గు. జలగ డాక్టరు మళ్లీ గుటక వేసి "షుగరే" అన్నాడు. ఆయన రుచి చూసేది అదొక్కటే మరి. లోపల అల్లుడు నవ్వుకుని, "షుగరే మావా, షుగరే" అని తాళం వేశాడు.

ఓ మధ్యాహ్నం కాటన్న గుంట పక్కనే కూలబడ్డాడు.

"పోతానేమోరా అల్లుడూ."

"అయ్యో మావా! పోయేముందు ఒక్క సాయం చెయ్యి. ఆ గౌరి మేసే చోట ఓసారి పేడ వేసిపో. మా పిల్లలకి ఇంకో కడుపు కావాలి కదా!"

కాటన్న కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ వాడు ఊఁ కొట్టింది తన మాటలకి కాదు, తను మింగిన ముద్దలకి.

"పోలీ! ఇటు రా అమ్మా. పేడ చూస్తానన్నావుగా, చూడు."

పోలి ముక్కుతో కదిపింది. ఎవరి కంటికీ ఆననివి దాని కంటికి ఆనాయి. "గుడ్లు బాబాయ్, పురుగుల గుడ్లు!" అని అరిచి, పశువుల ఆసుపత్రికి ఎగిరిపోయి నులిపురుగుల మందు తెచ్చింది.

"మావా," అన్నాడు లోపలివాడు. "నేను పోతే నీతో మాట్లాడేదెవరు?"

కాటన్న పెనం వైపు చూశాడు. నిజమే, ఎవరున్నారు? పోలి మందు వాడి నోటి ముందు పెట్టింది.

"ఎవరూ లేకపోతే లేకపోయారు. నువ్వు నన్ను వినలేదురా, మేశావు," అని మందు మింగేశాడు.

మర్నాడు ఏలికపాము పేడతో బయటపడి ఎండలో మాడిపోయాడు. కాటన్న మాత్రం అలవాటు కొద్దీ "అల్లుడూ" అని పిలిచాడు. కడుపు పలకలేదు. వాడికి చెప్పలేనంత బెంగ పుట్టింది.

కాస్త లేచి తిరగ్గలిగాక, పిలుపు లేకుండానే పెనం దగ్గరికి నడిచాడు. "బెల్లం నాకొద్దు. మంచినీళ్లూ ఎండుగడ్డీ పెట్టండి. మీ మధ్య నిలబడి తింటాను," అన్నాడు. గౌరి తలొంచుకుని పక్కకి జరిగింది. ఎవరూ అడగకుండానే కాటన్న తన దూడతనం ముచ్చట ఎత్తుకున్నాడు. సగంమంది వినలేదు. అయినా ఆ గుంపులో ఎవరూ వాణ్ణి తినలేదు.

ప్రతి బాధకీ పాత జబ్బునే తిట్టుకుంటూ కూర్చుంటే, కొత్త జబ్బు చుట్టంలా వచ్చి కాపురం పెడుతుంది.