కోరయ్య మొద్దుల బేరం

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదర్రా పిల్లలూ, ఓ అడవి ఉండేది. అందులో చెట్లకంటే మొద్దులే ఎక్కువ. ఎందుకంటారా? పట్నంలో రాజుగారు కోట కట్టించుకుంటున్నారని మనుషులు బళ్ళు కట్టుకొచ్చారు. మానులన్నీ నరికి పట్టుకుపోయారు. మొద్దుల్ని మాత్రం ఎక్కడివక్కడే వదిలేశారు. వాళ్ళకు మొద్దులతో ఏం పని?

అవస్థంతా జంతువులకొచ్చింది. ఒకరి బొరియకు మొద్దు అడ్డం. ఇంకొకరి గుహ ముందు మొద్దు. నీళ్ళకు పోయే దారిలో మొద్దు. కాలు తగిలి పడని జంతువు లేదు.

ఆ అడవిలోనే కోరయ్య అనే అడవిపంది ఉండేవాడు. పెద్ద ఒళ్ళు, మెత్తటి మనసు. మూతికి రెండు పక్కలా కొడవళ్ళలాంటి కోరలు. నేల పెళ్ళగించడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ కోరలంటే రేచుకుక్కలకు హడల్. గుంపులుగా తిరిగి వేటాడే ఆ కుక్కలు అతని పొద దరిదాపులకు కూడా వచ్చేవి కావు. అందుకే అతని భార్య జొన్నమ్మా, నలుగురు పిల్లలూ ఆ పొదలో నిశ్చింతగా నిద్రపోయేవాళ్ళు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. కోరయ్య మర్చిపోయాడు.

ఆ ఏడు వానల్లేవు. దుంపలు దొరకడం కష్టమైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే కోరయ్య చూస్తూ ఊరుకోలేకపోయాడు. "మొద్దులు పెరికే పని పెట్టుకుంటాను. పొద గడుస్తుంది" అనుకున్నాడు. అప్పటికే ఆ పనిలో ఆరితేరిన ముళ్ళపంది ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని ముళ్ళమామ అంటారు. కోరయ్య వెళ్ళి ఆయన్ని అడిగాడు.

"మామా, మొద్దుకు ఎంత అడగాలి?"

"ఏం మొద్దు? ఎక్కడి మొద్దు? ముందు చుట్టూ జానెడు తవ్వి వేరు చూడు అల్లుడూ. పైన కనిపించేదాన్ని చూసి ధర చెప్పకు. ఆ తర్వాత నీ కోర ఎంత అరుగుతుందో చూసుకుని, అది కూడా కలుపు. నా పళ్ళు అరిగినా మళ్ళీ పెరుగుతాయి. నీ కోర మొదలంటా విరిగితే ఇక అంతే."

కోరయ్య పకపకా నవ్వాడు. "కోరకు ధరేమిటి మామా? అదేమన్నా సంతలో కొన్నానా? నాతో పుట్టిందేగా!"

"సరే, నీ ఇష్టం" అని ముళ్ళమామ తన పని తాను చూసుకున్నాడు.

మొదటి పని చెవులయ్య అనే కుందేలుది.

"చిన్న మొద్దే బావా! చూడు, నా అంత కూడా లేదు. పందికొక్కుల్ని పిలిస్తే తెల్లారేసరికి లాగేస్తామంటున్నారు. నువ్వు మనవాడివి కదా అని నీ దగ్గరకొచ్చాను" అన్నాడు చెవులయ్య.

కోరయ్య పైకి కనిపించే మొద్దును చూశాడు. నిజమే, చిన్నదే. గంపెడు దుంపలు అడుగుదామనుకున్నాడు. చెవులయ్య మొహం చూసేసరికి మొహమాటం అడ్డొచ్చింది.

"దోసెడు చాల్లే బావా" అనేశాడు.

అది తుమ్మ మొద్దు. వేరు కిందికి, ఇంకా కిందికి, అడుగున బండ తగిలేదాకా దిగి ఉంది. కోరయ్య తవ్వాడు, తవ్వాడు. ఒళ్ళు హూనమైపోయింది. "బావా, వేరు చాలా లోతుగా ఉంది, ఇంకాస్త ఇవ్వాలి" అన్నాడు చివరికి.

"అదేమిటి బావా! మాటంటే మాటే కదా?" అన్నాడు చెవులయ్య.

నిజమే కదా అనుకుని కోరయ్య మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. మొద్దు బయటికొచ్చేసరికి, చెవులయ్య ముందే ఇచ్చిన ఆ దోసెడు దుంపలూ పని మధ్యలో తన నోట్లోనే అయిపోయాయి. ఎడమ కోర కొన విరిగింది. ఉత్త చేతులతో పొదకు వెళ్తే పిల్లలు అతని మూతి వాసన చూసి, ఏమీ లేదని తెలుసుకుని, వెళ్ళి పడుకున్నారు.

రెండో పని ఎలుగక్కది. ఆవిడ గుహ గుమ్మంలో, బండ నెర్రెలో ఇరుక్కుని చింత మొద్దు ఉంది. ఈసారి కోరయ్య గట్టిగా అనుకుని వెళ్ళాడు.

"రెండు తేనెపట్లు ఇవ్వాలక్కా."

"ఓరి తమ్ముడూ!" అని ఎలుగక్క బుగ్గలు నొక్కుకుంది. "ఆ కుందేలుకు దోసెడు దుంపలకు తీసిపెట్టి, నాకేమో రెండు పట్లా? వాడేమో బావ, నేను పరాయిదాన్నా?"

కోరయ్యకు తల కొట్టేసినట్టయింది. అక్కడే ఉన్న కోతులు కిచకిచమన్నాయి. నలుగురిలో బేరమాడటం కోరయ్య వల్ల కాలేదు.

"నీ ఇష్టం అక్కా. నువ్వు ఎంతిస్తే అంతే" అన్నాడు.

ఈ 'నీ ఇష్టం' అన్న మాట ఉంది చూశారూ, నాకు ఒళ్ళు మండిపోతుంది! పనికి వెళ్ళినవాడు అనాల్సిన మాటేనా అది? అన్నాక ఇంకేముంది? పెద్ద వేరు కింద ఎడమ కోర పెట్టి బలమంతా ఉపయోగించి ఎత్తాడు. ఫట్‌మంది. మొద్దు ఊడింది, కోరా ఊడింది. ఎలుగక్క ఒక పట్టు ఇచ్చింది. అందులో తేనె అప్పటికే ఆవిడ నాకేసింది.

జొన్నమ్మ ఎదురొచ్చింది. మొగుడి మూతి తడిమి, ఒక్కసారి ఘొల్లుమంది. "ఏమయ్యా, కోరేదయ్యా?"

"పోతే పోయిందిలే. ఇంకోటి ఉందిగా."

"దాన్ని నమ్ముకునే కదయ్యా నేనూ పిల్లలూ ఇక్కడ కునుకు తీస్తున్నాం! దానికెంత ధర కట్టావు?"

కోరయ్య ఖాళీ పట్టు పిల్లల ముందు పెట్టాడు. వాళ్ళు మైనం నమిలారు.

మూడో పని మృగరాజుగారిది. సింహంగారి కొలువు ఎదుట పెద్ద మద్ది మొద్దు ఉండేది. దానికోసం ముందు ముళ్ళమామనే పిలిపించారు. ఆయన చుట్టూ తవ్వాడు, వేళ్ళు చూశాడు, తన పళ్ళు తడుముకున్నాడు.

"నెల పని మహారాజా. పుట్టెడు దుంపలవుతాయి. సగం ముందుగా ఇప్పించాలి."

"ఏలినవారి దగ్గరే బేరమా!" అని మంత్రి నక్క కసిరి ఆయన్ని తరిమేశాడు. ముళ్ళమామ చక్కగా ఇంటికి పోయి పడుకున్నాడు. పని పోయింది కానీ పళ్ళు మిగిలాయి.

అప్పుడు కోరయ్యకు కబురొచ్చింది.

"కూలి మాట ఎత్తకు" అన్నాడు నక్క మంత్రి. "రాజుగారి పని చేశావంటే నీ పేరు అడవి నాలుగు మూలలా మోగిపోతుంది. ఆ తర్వాత నీకు పనులే పనులు."

"పిల్లలు పస్తులున్నారు మంత్రిగారూ..."

"అన్నీ చూస్తాంలే. ముందు పని కానీ."

కోరయ్య పని మొదలుపెట్టాడు. ఒంటి కోరతో పగలంతా తవ్వాడు. అలా రోజులు గడిచాయి. ఆఖరి వేరు దగ్గరికొచ్చేసరికి మిగిలిన ఆ ఒక్క కోర కూడా విరిగింది. నోటినిండా రక్తంతో మొద్దును దొర్లించి పక్కకు నెట్టాడు. రాజుగారు వచ్చి చదునైన నేల మీద నాలుగడుగులు వేశారు. "బాగుంది" అన్నారు. ఆవులించి అక్కడే పడుకున్నారు.

మంత్రి మాట తప్పాడనుకుంటున్నారా? లేదర్రా, తప్పలేదు! కాకుల చేత దండోరా వేయించాడు. "మొద్దుల కోరయ్య రెండు కోరలూ పోగొట్టుకుని రాజుగారి పని చేశాడహో!" అని కాకులు అడవంతా అరిచాయి. ఆ పేరు నిజంగానే నాలుగు మూలలకూ వెళ్ళింది. కొండ అవతల రేచుకుక్కల దాకా కూడా వెళ్ళింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అవి వచ్చాయి.

"మొద్దుల కోరయ్యగారి పొద ఇదేనా అండీ?" అని అడిగింది ముందున్న కుక్క, ఎంతో మర్యాదగా.

కోరయ్య పొదలోంచి దూసుకొచ్చి తల వంచాడు. ఎప్పుడూ అలా తల వంచితే చాలు, కుక్కలు పరుగో పరుగు. ఆ రోజు అవి అతని మూతి వైపు తేరిపార చూశాయి. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కదల్లేదు.

పిల్లలూ, ఇక్కడ నాకు చెప్పబుద్ధి కావడం లేదు. చెప్పకుండా దాటేస్తే మాత్రం కథ అబద్ధమైపోతుంది. కోరయ్య తలతో కుమ్మాడు, ఒళ్ళంతా చీరుకుపోయినా నిలబడ్డాడు. కుమ్మిన కుక్కలు కిందపడి మళ్ళీ లేచాయి. జొన్నమ్మ చిన్నవాణ్ణి నోట కరుచుకుని ముళ్ళడొంకలోకి పరుగెత్తింది. మిగతా ముగ్గురూ ఆమె వెనకాలే బయల్దేరారు. డొంక దాకా రాలేదు.

కోరయ్య పడుతూ లేస్తూ కొలువుకు పోయి మొరపెట్టుకున్నాడు.

"రాజుగారు నిద్రలో ఉన్నారు" అన్నాడు నక్క మంత్రి. "నీకు పేరిస్తామన్నాం, ఇచ్చాం. ఇంకేం కావాలి?"

వానలొచ్చాయి. దుంపలు పుష్కలంగా పండాయి. తినడానికి ఆ పొదలో ఒక్క పిల్లాడే ఉన్నాడు. జొన్నమ్మ మాత్రం ఇంకా నలుగురికీ నాలుగు పోగులు పెట్టేది. మూడు పోగులు అలాగే ఎండిపోయేవి. కోరయ్య వాటి వైపు చూడలేక మొహం తిప్పుకునేవాడు.

ఒకరోజు చెవులయ్య వచ్చాడు.

"బావా, కొత్త బొరియ దగ్గర ఇంకో మొద్దు ఉంది. ముళ్ళమామ గంపెడున్నర దుంపలు అడుగుతున్నాడు, నిలువుదోపిడీ! కోరలు లేకపోతేనేం, నీకు గిట్టలున్నాయి కదా. పాత ధరకే కానిచ్చెయ్."

కోరయ్య కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా లేదు అతనికి.

"నీ మొద్దుకు నువ్విచ్చింది దోసెడు బావా" అన్నాడు మెల్లగా. "మిగతాది నా ముగ్గురు పిల్లలు కట్టారు. ముళ్ళమామ అడిగింది ఇచ్చెయ్."

చెవులయ్య ఆ ఎండిన పోగుల్ని చూశాడు. చెవులు వాల్చుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ముళ్ళమామ గుమ్మంలో గంపెడున్నర దుంపలు పోశాడు, బేరం ఆడకుండా.

కోరయ్య ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చిన్నవాడు పెద్దవాడయ్యాడు, వాడికీ కోరలు మొలిచాయి. ఎవరైనా పనికి పిలిస్తే వాడు ముందు నేల తవ్వి వేరు చూస్తాడు. ఆ తర్వాత ఒకసారి తన కోర తడుముకుంటాడు. అప్పుడు గానీ ధర చెప్పడు. "చిన్న మొద్దే కదా" అని ఎవరైనా నవ్వితే నవ్వనిస్తాడు.

పనికి ధర కట్టేటప్పుడు చేతికొచ్చేది ఒక్కటే కాదు, ఒంట్లోంచి పోయేది కూడా కలుపుకోవాలి. మొహమాటపడి వదిలేస్తే, ఆ మిగతా ధర మనల్ని నమ్ముకున్నవాళ్ళు చెల్లించాల్సి వస్తుంది.