పేరంటాలూ పౌర్ణమి పోటూ

అనగనగా అంటే, మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా పుట్టని రోజుల్లో, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అందరూ ఉప్పు పండించేవాళ్ళే. మడిలో నీరు ఇగిరితే ఉప్పు, ఉప్పు పోగైతే బస్తా, బస్తాలు నిండితే బండి, బండి కదిలితే సంత, సంతకెళ్ళాలంటే ఉప్పుటేరు దాటాలి, ఏరు దాటాలంటే నీరు తగ్గాలి. ఊ కొడుతున్నారా పిల్లలూ? సుందరీ, నువ్వూ? కొట్టండి మరి, లేకపోతే మీకన్నా ముందు నేనే నిద్రపోతాను.

సముద్రం పొంగితే ఆ ఏరూ పొంగేది, సముద్రం తీస్తే ఏరూ తీసేది. పొంగితే పోటు, తీస్తే ఆటు. ఆ ఊళ్ళో పోలమ్మ అని ఒకావిడ. ఒక అమావాస్యనాడు ఆవిడ మొగుడు బండి తోలుకుని ఏట్లో దిగాడు. నడిమికి వెళ్ళేసరికి పోటు కమ్మేసింది. ఎడ్లు ఒడ్డెక్కాయి గానీ మనిషి ఎక్కలేదు. అప్పట్నుంచీ పోలమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు పాపం.

ఆవిడ కోడలు పేరంటాలు మెట్ట ఊరి పిల్ల. వాళ్ళ నాన్న బడిపంతులు. చిన్నప్పుడు దీపం ముందు గుమ్మడికాయనీ నిమ్మకాయనీ తిప్పి చూపించేవాడట. దీపమేమో సూర్యుడు, గుమ్మడికాయ మనముండే భూమి, నిమ్మకాయ చంద్రుడు. నిమ్మకాయ గుమ్మడికాయ చుట్టూ తిరుగుతుంది. గుమ్మడికాయ తన చుట్టూ తాను తిరుగుతూ, నిమ్మకాయని వెంటేసుకుని దీపం చుట్టూ తిరుగుతుంది. మన ఇంట్లో కాయలతో రేపు ఆడుకుందురుగాని, ఇప్పుడు పడుకోండి.

మామగారు పోయాక పేరంటాలు ఏటి ఒడ్డున ఒక గుంజ పాతింది. నీరు ఎక్కడిదాకా వచ్చిందో రోజూ కత్తితో గాటు పెట్టేది. పని మానేసి ఆ గుంజతో నీకేంటని అత్త తిట్టేది. తిట్టినా పెట్టేది, వానొచ్చినా పెట్టేది, జ్వరమొచ్చినా పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకి రెండు సంగతులు తెలిశాయి. పోటు ఇవాళ వచ్చిన వేళకి రేపు రాదు, ఓ రెండు ఘడియలు ఆలస్యం. భూమి ఒక్క చుట్టు తిరిగేలోపు చంద్రుడు కాస్త ముందుకి నడిచిపోతాడు కదా, ఆయన ఎదటికి మళ్ళీ రావడానికి ఆ మాత్రం పడుతుంది. రెండోది, అమావాస్యకీ పౌర్ణమికీ ఆటులో ఏరు ఇసక తేలుతుంది, పోటులో నీరు తలమునకలుగా వస్తుంది. అష్టమికైతే ఏరు పూర్తిగా ఎండదు గానీ మోకాలు దాటదు.

ఇలా ఉండగా రాజుగారి కూతురు మాణిక్యాంబకి పెళ్ళి కుదిరింది. పెళ్ళి అవతలి ఒడ్డున, ముహూర్తం పౌర్ణమికి. తెల్లారేసరికి పల్లకీ, వెనకాల నూరు బండ్లు ఏటి దగ్గరికొచ్చాయి. చూస్తే నీటిచుక్క లేదు, అంతా ఇసకే. ఇంకేం, పదండి అన్నాడు రాజు. పేరంటాలు పరుగున వచ్చి పల్లకీకి అడ్డంగా నిలబడింది.

"దిగకండి దొరా. మీ బండ్లన్నీ దాటేలోపు పోటొచ్చేస్తుంది."

"ఎండిన ఏట్లోకి నీరెక్కడ్నించొస్తుందమ్మా?" అన్నాడు రాజు.

"చంద్రుడు లాగుతాడు దొరా. సూర్యుడూ లాగుతాడు, కాకపోతే ఆయన దూరాన ఉన్నాడు గనక తక్కువ. ఇవాళ వాళ్ళిద్దరూ, మన భూమీ ఒకే వరసలో ఉన్నారు. మనకి ఆ పక్కనొకరు, ఈ పక్కనొకరు."

చెరోపక్కా ఉంటే ఆ లాగుడూ ఈ లాగుడూ చెల్లుకి చెల్లయిపోవా అంటావా సుందరీ? రాజూ అదే అడిగాడు. పిండిముద్దని రెండు కొసలా పట్టుకు లాగితే రెండు కొసలూ సాగవూ, నీరూ అంతేనంది పేరంటాలు. అష్టమినాడైతే ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా లాగుతారు, అందుకే పొంగు తక్కువ.

పురోహితుడికి కోపమొచ్చింది. ముహూర్తానికి అడ్డొచ్చినదాన్ని ఖైదు కొట్లో పెట్టించమన్నాడు. భటులు పేరంటాలు చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు జనంలోంచి పోలమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"నా మొగుణ్ణి ఈ ఏరే తీసుకుపోయింది దొరా. నా కోడలి మాట తప్పయితే మా ఇద్దర్నీ కొట్లో పెట్టండి. మధ్యాహ్నం దాకా ఆగండి, అంతే."

రాజు ఆగాడు. పొద్దెక్కింది. ముందు ఇసక తడిసింది, తర్వాత పాయలు కట్టింది, తర్వాత ఒక్క ఉరుకున నీరొచ్చేసింది. నడినెత్తికి ఎండ వచ్చేసరికి గుంజ పైగాటు కూడా మునిగిపోయింది. రాజు కూతురి చెయ్యి పట్టుకుని ఒడ్డునుంచి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత తలపాగా తీసి ఆ అత్తాకోడళ్ళకి దణ్ణం పెట్టాడు.

పెళ్ళి వచ్చే అష్టమికి మారింది. ఆవేళ మాణిక్యాంబ పల్లకీ వద్దని, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మోకాల్లోతు నీళ్ళలో నడిచే దాటింది. అందరూ క్షేమంగా ఒడ్డెక్కారు. మీకేం కావాలని రాజు అడిగితే, ఒడ్డున రాతి గుంజ పాతించి పోటువేళ చెప్పడానికో మనిషిని పెట్టించమంది పోలమ్మ. పెట్టించాడు. ఆ తర్వాత ఆ ఏట్లో ఒక్క ప్రాణం పోలేదు.

పెళ్ళివారు వెళ్ళిపోయాక ఇంట్లో పోలమ్మ కోడల్ని పీటమీద కూర్చోబెట్టి తనే వడ్డించింది. ఎన్నడూ లేంది ఇదేంటత్తా అంది పేరంటాలు. "నీ మామ ఉన్ననాడు నువ్వా గుంజ పాతుంటే బాగుండేది. పోన్లే, ఎందరి ఇళ్ళో నిలబెట్టావు. తిను తల్లీ," అని నెయ్యి వేసింది పోలమ్మ. ఇద్దరూ తృప్తిగా తిన్నారు.

మనకి మేలు చేసినవాళ్ళు ఇంట్లోవాళ్ళయినా సరే, ఆ మాట నోటితో చెప్పాలర్రా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.